చిత్తూరు సీమలో హెచ్.ఐ.వి., స్వలింగ ప్రేమగల పురుషుల ఆత్మహత్యలు, సంఘ కాపరత్వం: ఒక చారిత్రక పరిశీలన

దక్షిణ రాయలసీమలో క్రైస్తవ వైద్య పరిచర్య చరిత్రను వ్రాసినవారు క్షయ గురించి, కుష్ఠు గురించి, ప్రసూతి మరణాల గురించి విస్తారంగా వ్రాశారు. హెచ్.ఐ.వి. దగ్గరికి వచ్చేసరికి ఆ చరిత్ర కొన్ని పేరాలకు కుదించుకుపోతుంది. హెచ్.ఐ.వి. సోకిన గే పురుషుల దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోతుంది. వారు ఇక్కడ లేకపోలేదు. తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో, పుంగనూరులో బ్రదికారు, మన ఆరాధనలలో కూర్చున్నారు, మందులు వాడారు. కొందరు తమ ప్రాణం తామే తీసుకున్నారు. రోగుల సేవకు ఇంత పేరుపొందిన ప్రాంతంలో ఈ మనుష్యునికి మాత్రం తలుపు ఎందుకు తెరుచుకోలేదు అన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న. సమాధానం క్రూరత్వంలో కంటె ఎక్కువగా మన పరిచర్య నిర్మాణంలోనే ఉన్నదని నా అభిప్రాయం.

మాటల విషయం ముందుగా చెప్పాలి. ఆరోగ్యశాఖ కాగితాలలో వీరిని ‘పురుషులతో లైంగిక సంబంధం గల పురుషులు’ అని వ్రాస్తారు. చదువుకున్న యువకులు ‘గే’ అంటారు. మన పల్లెలలో చాలామంది తమకు ఏ పేరూ పెట్టుకోరు. పెండ్లి చేసుకుని, పిల్లలను కని, ఎవరికీ చెప్పకుండా ఉండిపోతారు. హిజ్రాలతో వీరిని కలిపివేయడం పొరపాటు. తిరుపతి గంగమ్మ జాతరలో పురుషులు స్త్రీవేషం కట్టడం ఊరంతటికీ తెలిసిన మ్రొక్కు, దానికి గౌరవం ఉన్నది. ఆఫీసుకు వెళ్ళివచ్చే, మీసమున్న, ఇద్దరు పిల్లల తండ్రి మరొక పురుషుని ప్రేమిస్తే దానికి మాత్రం మన సమాజంలో చోటు లేదు.

ఉత్తర ఆర్కాటు వారసత్వం

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కేంద్రం కూడా చిత్తూరే. అందుచేత మన వైద్య పరిచర్య చరిత్ర, మనవాళ్ళు రాయవేలూరు అని పిలిచే వేలూరు చరిత్ర వేరు చేయరానివి. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషను తెలుగు వైపు విస్తరించి, 1863లో జేకబ్ ఛాంబర్లేన్ మదనపల్లెలో కాపురం పెట్టాడు. ఆయన వైద్యుడు, తెలుగు బైబిలు సవరణలో పాల్గొన్న పండితుడు. 1900లో ఐడా స్కడర్ వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే నేటి సి.యం.సి. 1912లో మదనపల్లె వద్ద క్షయరోగుల కొరకు పలు మిషనులు కలిసి మొదలుపెట్టిన ఆసుపత్రి ఆరోగ్యవరమై వెలసింది. క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ అనే డేనిష్ వైద్యుడు దానిని నడిపాడు. 1955లో వేలూరు దగ్గర కరిగిరిలో కుష్ఠువ్యాధి పరిశోధనా కేంద్రం వచ్చింది.

మన విషయానికి వీటన్నిటికంటె దగ్గరైనది 1957లో వేలూరు శివారు బాగాయంలో సి.యం.సి. ప్రారంభించిన మానసిక ఆరోగ్య కేంద్రం. కెనడా నుండి వచ్చిన డా. ఫ్లారెన్స్ నికల్స్ దానికి ఆద్యురాలు. ఆ రోజులలో పిచ్చాసుపత్రి అంటే ఎత్తైన గోడలు, తాళాలు. రోగిని అక్కడ వదిలి బంధువులు వెళ్ళిపోయేవారు, చాలామంది తిరిగి రారు. బాగాయంలో దీనికి భిన్నంగా, రోగితోపాటు కుటుంబ సభ్యుడొకరు ఉండాలనే పద్ధతి పెట్టారు. బంధువు వండిపెడతాడు, మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో నేర్చుకుంటాడు, రోగిని ఇంటికి తీసికొనిపోతాడు. అంతకు కొద్ది యేండ్ల ముందే అమృత్‌సర్‌లో డా. విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి బంధువులను రోగుల దగ్గర ఉంచాడు. భారతదేశం మానసిక వైద్యానికి ఇచ్చిన గొప్ప కానుకలలో ఈ పద్ధతి ఒకటి. దీనిని నేను తక్కువ చేయడం లేదు. చిత్తూరు, పలమనేరు ప్రాంతాల నుండి ఎన్ని కుటుంబాలు దీనివలన నిలబడ్డాయో మన సంఘాలకు తెలుసు.

అయితే ఈ పద్ధతి అంతా ఒక్క ఊహ మీద నిలిచి ఉన్నది: రోగి జబ్బు కుటుంబానికి తెలుసు, లేక తెలియవచ్చు. క్షయరోగి దగ్గు దాగదు. కుష్ఠురోగి చేతివ్రేళ్ళు దాగవు. ఊరు వెలివేసినా ఎందుకు వెలివేసిందో అందరికీ తెలుసు. మిషను ఆసుపత్రి ఆ వెలివేసినవానిని చేర్చుకున్నది. హెచ్.ఐ.వి. సోకిన గే పురుషుడు దాచవలసినవి రెండు. ఒకటి చెబితే రెండవది అడుగుతారు. అతడు తప్పించుకొన జూచేది ఆసుపత్రి గోడలను కాదు, ఆసుపత్రి తోడు తెచ్చుకొమ్మన్న అన్నను, మామను, భార్యను. సంఘం కూడా కుటుంబాల జాబితాగానే నడుస్తుంది గనుక అక్కడా అతనికి అదే చిక్కు.

1986, తరువాత

భారతదేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడిన కథ కూడా మన పొరుగుననే జరిగింది. మద్రాసులో డా. సునీతి సాలమన్ మార్గదర్శకత్వంలో డా. సెల్లప్పన్ నిర్మల అనే యువ వైద్యురాలు సెక్స్ వర్కర్ల నుండి రక్త నమూనాలు సేకరించి, 1986 ఫిబ్రవరిలో రైలులో వేలూరు తీసికొనిపోయి సి.యం.సి. ప్రయోగశాలలో పరీక్షించింది. ఆరు నమూనాలు రంగు మారాయి. చిత్తూరుకు నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఈ దేశపు ఎయిడ్స్ చరిత్ర మొదలైంది. అదే సంవత్సరం మద్రాసులో డా. లక్ష్మీ విజయకుమార్ ఆత్మహత్యల నివారణకు ‘స్నేహ’ అనే సంస్థను స్థాపించింది. ఒకే నగరంలో ఒకే ఏట మొదలైన ఈ రెండు పనులు చాలాకాలం వేర్వేరు దారులలోనే నడిచాయి.

మొదటి నమూనాలు స్త్రీలవి కావడం చిన్న విషయం కాదు. అప్పటినుండి మన భాషలో ఎయిడ్స్ కథకు ఒక ఆకారం వచ్చింది: తిరిగే పురుషుడు, వ్యభిచారిణి అని ముద్రపడిన స్త్రీ, ఇంట్లో అమాయకురాలైన భార్య. 2000ల తొలి యేండ్లలో ఆంధ్రప్రదేశ్ రోడ్ల మీద వెలసిన పులిరాజా హోర్డింగులు ఎవరు మరచిపోగలరు? పిల్లలు కూడా ఆ ప్రశ్నను ఆటగా అడిగేవారు. ఎయిడ్స్ పేరు పలకడానికే జంకిన రాష్ట్రంలో ఆ ప్రచారం మేలు చేసిందనే అనుకుంటాను. పులిరాజా మాత్రం స్త్రీల దగ్గరికి వెళ్ళేవాడే. మన పుల్పిట్ల మీద ప్రసంగాలలోనూ అంతే. మరొక పురుషుని ప్రేమించిన పురుషునికి ఈ జబ్బు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. తనకు రాదనుకున్నవారు కూడా ఉన్నారు, ఎందుకంటే ప్రచారంలో తన బొమ్మ లేదు.

ప్రభుత్వం ఆ సంగతి ఎరుగనిది కాదు. 2006లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు సమర్పించిన ప్రమాణపత్రంలో, సాధారణ జనాభాలో హెచ్.ఐ.వి. ఒక శాతం లోపే ఉండగా ఈ పురుషులలో ఎనిమిది శాతానికి పైగా ఉన్నదని, శిక్షాస్మృతి 377వ సెక్షను భయం వలన వారు వైద్యానికి దూరమవుతున్నారని చెప్పింది. అంతకు ఐదేండ్ల ముందు, 2001లో, లక్నోలో ఈ పురుషుల మధ్య హెచ్.ఐ.వి. నివారణ పని చేస్తున్న కార్యకర్తలనే ఆ సెక్షను క్రింద అరెస్టు చేసి నలభై రోజులకు పైగా జైలులో ఉంచారు. ఆ వార్త చదివిన వాడు తిరుపతిలోనైనా, నెల్లూరులోనైనా ఏ కౌన్సిలరు ముందు నోరు విప్పుతాడు?

‘మరణ కారణం’ అనే గడి

ఈ చరిత్రను వ్రాయబూనినవానికి ఆధారాల సమస్య ఎదురవుతుంది. మన సంఘాలలో భూస్థాపన రిజిస్టరు ఉంటుంది. పేరు, వయస్సు, తేదీలు, మరణ కారణం, జరిపించిన కాపరి సంతకం. ఆ మరణ కారణం గడిలో జ్వరం, టి.బి., కడుపునొప్పి, అకస్మాత్తుగా అని ఉంటుంది. కుటుంబం చెప్పినదే కాపరి వ్రాస్తాడు. తెలుగు దినపత్రికల జిల్లా పేజీలలో ‘కడుపునొప్పి తాళలేక’ అన్న మాట ఎన్ని దశాబ్దాలుగా చదువుతున్నాము! కొన్ని నిజంగా కడుపునొప్పులే కావచ్చు. కానీ ఆ మాట పోలీసులకు, పత్రికలకు, ఇంటివారికి, కాపరికి అందరికీ సౌకర్యమైన మాట అయింది.

జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రతి ఏట ప్రచురించే ఆత్మహత్యల పట్టికలలో ‘జబ్బు’ క్రింద ఎయిడ్స్, సుఖవ్యాధులకు ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుంది. కుటుంబ సమస్యలు, వివాహ సమస్యలు, అప్పులు, పరీక్షలో తప్పడం, ప్రేమ వ్యవహారాలు – వీటికీ వరుసలున్నాయి. హెచ్.ఐ.వి. సోకిన గే పురుషుడు ఏ వరుసలోకి వస్తాడు? పెండ్లి నిశ్చయమైన వారం చనిపోతే వివాహ సమస్య. జబ్బు సంగతి బయటపడి చనిపోతే ఎయిడ్స్. ఏమీ బయటపడకపోతే కడుపునొప్పి. రిజిస్టరులో లేనంత మాత్రాన జరుగలేదని చెప్పడం చరిత్రకారుని పని కాదు.

అందుచేత వైద్య పరిశోధనల వైపు చూడాలి. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో డా. ప్రభా చంద్ర, సహచరులు 1998లో ప్రచురించిన వ్యాసం హెచ్.ఐ.వి. సోకినవారిలో ఆదుర్దా, కుంగుబాటు ఎంత ఎక్కువో చూపించిన తొలి భారతీయ పరిశోధనలలో ఒకటి. దాని పేరులోనే అది స్త్రీపురుష సంబంధాలు గలవారి గురించి అని ఉన్నది. పురుషులతో సంబంధాలున్న పురుషులను అడిగిన పరిశోధనలు తరువాత వచ్చాయి. చెన్నైలో 210 మందితో మాట్లాడి 2009లో ప్రచురించిన పరిశోధనలో సగానికి మించి, 55 శాతం మందిలో, వైద్యం అవసరమైనంత కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. 2011లో ముంబయి నుండి వచ్చిన పరిశోధనలో 150 మందిలో 45 శాతం ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయన్నారు. వీరందరికీ హెచ్.ఐ.వి. లేదు. దాచి బ్రదకడమే ఇంత బరువైతే, దాని మీద ఈ జబ్బు పడినప్పుడు ఏమవుతుందో ఊహించవచ్చు.

ఇతర దేశాల చరిత్రలో మనకు పనికివచ్చే సంగతి ఒకటున్నది. 1985లో న్యూయార్కు నగరంలో ఎయిడ్స్ ఉన్న పురుషులలో ఆత్మహత్యలు మిగిలిన పురుషుల కంటె 36 రెట్లు ఎక్కువని 1988లో ప్రచురించిన లెక్క చెప్పింది. అప్పుడు మందు లేదు. మంచి మందులు వచ్చిన తరువాత ఆ సంఖ్య బాగా పడిపోయింది. సాధారణ జనంతో సమానంగా మాత్రం రాలేదు. ఇంగ్లాండు, వేల్సు లెక్కలలో 2017లో తేలినదేమిటంటే, హెచ్.ఐ.వి. ఉన్నవారి ఆత్మహత్యలలో ఐదింట రెండు వంతులు జబ్బు బయటపడిన మొదటి సంవత్సరంలోనే జరిగాయి. కాపరులు దీనిని గుర్తుంచుకోవాలి. మందు అందుబాటులో ఉన్న దేశంలో, మనిషి ఎన్నో యేండ్లు బ్రదుకగలిగిన కాలంలో, ప్రాణం తీసినది వైరస్ కాదు. ఆ వార్త చేతికి వచ్చిన తొలి నెలలు.

మన ప్రాంతంలో ఆ వార్త ఎలా చేతికి వస్తుందో చూడండి. పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు యువకులు కువైటుకు వెళ్ళాలంటే మెడికల్ పాసు కావాలి. గల్ఫు దేశాలు హెచ్.ఐ.వి. ఉన్నవారికి పని వీసా ఇవ్వవు. ఏజెంటుకు డబ్బు కట్టి, ఊరంతా వీడ్కోలు చెప్పిన కుర్రవాడు చెన్నై వెళ్ళి ‘అన్‌ఫిట్’ అని తిరిగివస్తే, ఎందుకని మొదట అడిగేది తండ్రి. తరువాత అప్పు ఇచ్చినవాడు. కౌన్సిలింగు అనేది ఆ వరుసలో ఎక్కడా రాదు.

మందు గురించి కూడా ఒక మాట. 2004 ఏప్రిల్ 1 నుండి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఎక్కువ భారమున్న ఆరు రాష్ట్రాలలో ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. తరువాత తిరుపతి రుయా ఆసుపత్రి వంటి చోట్లకు ఆ కేంద్రాలు వచ్చాయి. 2017 నుండి పరీక్షలో తేలిన ప్రతివారికీ వెంటనే మందు ఇవ్వాలన్న విధానం వచ్చింది. క్రమంగా వాడి రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గినవానినుండి లైంగికంగా మరొకరికి జబ్బు సోకదని ఇప్పుడు నిర్ధారణ అయింది. అయితే 2010లలో మన కేంద్రాలలో ఎక్కువగా ఇచ్చిన మాత్రలో ఎఫావిరెంజ్ అనే మందు ఉండేది. అది కొందరిలో పీడకలలు, కుంగుబాటు కలిగిస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు దానివలన సుమారు రెట్టింపు అవుతాయని 2014లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. తరువాత దాని స్థానంలో డోలుటెగ్రావిర్ వచ్చింది. రాత్రులు భయంకరమైన కలలు వస్తున్నాయని ప్రార్థనకు వచ్చినవానికి దురాత్మ పట్టిందని చెప్పి మాత్రలు మాన్పించిన స్వస్థత కూటాలు మన మధ్య లేవని ఎవరైనా అనగలరా? మందు మార్చగలిగినది డాక్టరు. మాన్పించే అధికారం ఏ దైవసేవకునికీ లేదు.

జబ్బు కాదు, జబ్బు గురించిన సిగ్గే చంపుతుందనడానికి మన జిల్లాలోనే వేరొక సాక్ష్యమున్నది. 2020 ఫిబ్రవరిలో, రాష్ట్రంలో ఒక్క కరోనా కేసు కూడా నమోదు కాకముందే, చిత్తూరు జిల్లాలో ఒక రైతు తనకు ఆ జబ్బు సోకిందని నమ్మి, తనవలన ఊరికి అంటుకుంటుందని భయపడి ప్రాణం తీసుకున్నాడు. అతనికి ఆ జబ్బు లేదు.

సమాధుల తోట

సంఘ చరిత్రలో ఆత్మహత్య పట్ల కాఠిన్యం క్రమంగా వచ్చినది. ఐదవ శతాబ్దంలో అగస్టీను ‘దేవుని పట్టణం’ మొదటి గ్రంథంలో దానిని హత్యాపాపంగా వాదించాడు. ఆరవ శతాబ్దంలో బ్రాగా మహాసభ అటువంటివారికి సంఘ సంస్కారాలు లేవన్నది. 1662 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం బాప్తిస్మం లేనివారు, వెలివేయబడినవారు, తమపై తామే చేయిచేసుకున్నవారు – ఈ ముగ్గురికీ భూస్థాపన క్రమం వాడరాదన్నది. 1917 నాటి కతోలిక సంఘ చట్టం కూడా అంతే. 1983లో ఆ నిషేధాన్ని తీసివేశారు. మిషనరీలతో వచ్చిన ఈ అలవాటు మన సంఘాలలో వ్రాతలో లేకపోయినా వాడుకలో నిలిచింది. తోటలో ఓ మూల, గోడ ప్రక్కన, గంట లేదు, పాటలు లేవు. ఎయిడ్స్ అని తెలిస్తే దేహాన్ని తాకడానికి కూడా వెనుకాడిన రోజులున్నాయి.

లేఖనం ఇలా లేదు. అహీతోపెలు తన ఇల్లు చక్కబెట్టుకొని ప్రాణం తీసుకున్న తరువాత అతనిని తన తండ్రి సమాధిలోనే పాతిపెట్టారని రెండవ సమూయేలు 17వ అధ్యాయం చెబుతున్నది. దావీదుకు ద్రోహం చేసినవాడు, అయినా తండ్రి సమాధిలోనే. సౌలు మృతదేహం కొరకు యాబేష్గిలాదువారు రాత్రంతా నడిచివెళ్ళారు. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు దూత మొదట పెట్టినది రొట్టె, నీళ్ళు, గద్దింపు కాదు. స్వలింగ సంబంధాల విషయమై మన సంఘాల బోధ ఒకే విధంగా లేదు, ఈ వ్యాసం దానిని తేల్చబోదు. భూస్థాపనకు, ఆదరణకు ఆ తీర్పుతో పని లేదన్నదే నా వాదం.

ఇంగ్లాండులో 1935లో చాడ్ వారా అనే యువ కాపరి తన మొదటి భూస్థాపన ఒక బాలికకు జరిపించాడు. నెలసరి మొదలైతే అది సుఖవ్యాధి అనుకుని, అడగడానికి ఎవరూ లేక ఆమె ప్రాణం తీసుకున్నది. 1953లో ఆయన లండన్‌లోని తన చర్చిలో ఒక టెలిఫోను పెట్టి ‘సమరిటన్స్’ మొదలుపెట్టాడు. ప్రపంచమంతటా ఉన్న ఆత్మహత్య నివారణ ఫోను సేవలకు అది మాతృక. జబ్బు సిగ్గుతో చనిపోయిన పిల్ల సమాధి దగ్గర మొదలైన ఆ పరిచర్య కాపరిదే, డాక్టరుది కాదు.

చట్టం మారిన తరువాత

1860 నాటి శిక్షాస్మృతిలో 309వ సెక్షను ఆత్మహత్యాయత్నాన్ని, 377వ సెక్షను స్వలింగ సంబంధాన్ని నేరం చేశాయి. ప్రయత్నించి బ్రదికిన గే పురుషుడు రెండు విధాల నేరస్థుడు. ఆసుపత్రిలో పోలీసు కేసు అవుతుందని ఇంటివారు అసలు సంగతే దాచేవారు. 2009లో ఢిల్లీ హైకోర్టు 377ను సడలిస్తే, దానిపై సుప్రీంకోర్టుకు వెళ్ళినవారిలో ఉత్కళ క్రైస్తవ మండలి, అపోస్టలిక్ చర్చెస్ అలయన్స్ వంటి క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి. 2013లో ఆ తీర్పు కొట్టివేయబడింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మళ్ళీ ఆ నేరాన్ని ఎత్తివేసింది. ఆ నాలుగు సంవత్సరాల తొమ్మిది నెలలలో ఎందరు మందుల కేంద్రానికి రావడం మానుకున్నారో ఏ పట్టికలోనూ లేదు. సంఘం పేరుతో జరిగిన ఆ పోరాటాన్ని మన చరిత్ర గ్రంథాలు దాటవేయరాదు.

ఇప్పుడు కాపరికి అడ్డు చట్టం కాదు. ఎవరైనా వచ్చి ‘బ్రదకాలని లేదు అయ్యగారూ’ అని సూచనగా అన్నా, చనిపోవాలనుకుంటున్నావా అని సూటిగా అడగాలి; అడిగినందువలన ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. పెండ్లి చేస్తే సర్దుకుంటాడని తల్లిదండ్రులకు సలహా ఇవ్వరాదు. అది ఒకరి ప్రాణంతో ఆగదు, వచ్చే కోడలి ప్రాణం కూడా. అతడు చెప్పినదానిని భార్యకు గానీ, పెద్దలకు గానీ, ప్రార్థన విన్నపంగా గానీ బయటపెట్టరాదు. భార్య ఆరోగ్యం విషయంలో అతనినే ఏ.ఆర్.టి. కేంద్రం కౌన్సిలరు దగ్గరకు నడిపించాలి. 2022 నుండి నడుస్తున్న టెలి మానస్ 14416 నంబరు తెలుగులో పలుకుతుంది. హెచ్.ఐ.వి. విషయాలకు 1097 ఉన్నది. సంఘ ప్రకటనలలో ఈ రెండు నంబర్లు చదవడానికి అర నిమిషం చాలు.

బాగాయం పద్ధతి వదిలిన ఖాళీకి సమాధానం అరవై యేండ్ల తరువాత చట్టంలో వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం లైంగికత కారణంగా వైద్యంలో వివక్ష చూపరాదన్నది, ఆత్మహత్యాయత్నం చేసినవానిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి శిక్షించరాదన్నది. దాని 14వ సెక్షను ప్రకారం మేజరైన ఎవరైనా తన తరఫున నిలబడే ప్రతినిధిని తానే ఎన్నుకోవచ్చును. రక్తసంబంధం అక్కరలేదు. తెల్లకాగితం మీద వ్రాసి సంతకం గాని వేలిముద్ర గాని వేస్తే చాలు. ఎన్నుకోబడిన వ్యక్తి తన సమ్మతిని డాక్టరుకు వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. అన్నను, మామను పిలువలేనివాడు తన కాపరి పేరు ఆ కాగితం మీద వ్రాయవచ్చు. కాపరి ఒప్పుకొని సంతకం చేయవచ్చు.